జయ టీచర్ వాడే క్రీము

కిందటి వారం జయకుమారిని గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరు బల్ల ముందు కూర్చోబెట్టి ఆగాం. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే టీచరు. నెలన్నర కిందట ఉన్నట్టుండి ఆమె మొహం నిండా మొటిమలు లేచాయి. పదహారేళ్ల వయసులో కూడా ఆమె ఎరగని మొటిమలు. బుగ్గల మీద, గడ్డం మీద, నుదుటి మీద ఎర్రగా, అన్నీ ఒకే సైజులో. ప్రత్తిపాడులో ఆమెని చూసిన ప్రతివాళ్లూ ఒక వైద్యం చెప్పారు. మెడికల్ షాపు నడిపే భర్త ప్రసన్నకుమార్ మాత్రం, ఇది మిర్చి సీజను, గాల్లో ఘాటు పడలేదు అంతే అని తేల్చేశాడు. చివరికి ఆమె ఇంట్లో చెప్పకుండా సెలవు పెట్టి, మొహానికి స్కార్ఫు చుట్టుకుని గుంటూరు బస్సెక్కింది. డాక్టర్ బిందుమాధవి అంతా విని, మొహానికి ఏం రాస్తున్నారని అడిగింది. జయ హ్యాండ్‌బ్యాగులోంచి పేరు లేని చిన్న తెల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

ఆ తర్వాత జరిగింది ఇది.

డాక్టరు డబ్బా మూత తీసి వాసన చూసింది. కొంచెం వేలికి తీసుకుని రెండు వేళ్ల మధ్య రుద్దింది. లేచి వచ్చి జయ గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పింది. బుగ్గ మీద సన్నగా, ఎర్రటి దారాల్లా కనిపిస్తున్న రక్తనాళాలు చూసింది. చెవుల ముందు కొత్తగా మొలిచిన నూగు చూసింది. ఎండలోకి వెళితే మండుతోందా అని అడిగింది. మండుతోంది అంది జయ. ఒక్కరోజు రాయకపోతే ఇంకా ఎర్రబడుతోందా అని అడిగింది. అవునంది. డాక్టరు వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

"మీకు వచ్చినది జబ్బు కాదమ్మా. ఎవరో చేసిన పని."

జయకి అర్థం కాలేదు. డాక్టరు విడమరచి చెప్పింది. గజ్జికీ తామరకీ వాడే పూతమందుల్లో కలిసే స్టెరాయిడ్ ఒకటి ఉంటుందని పేరుతో సహా చెప్పింది. దాన్ని మామూలు కోల్డ్ క్రీములో కలిపి, ఇంట్లో చేసిన క్రీమని అమ్ముతున్నారు. మొదటి నెల మొహం తెల్లబడి నిగనిగలాడుతుంది. మంగు మాయమవుతుంది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది, ఎండ ఆగదు, మొటిమలు తన్నుకొస్తాయి. ఠక్కున ఆపేస్తే ఉన్నవన్నీ రెట్టింపవుతాయి. దాంతో భయపడి మళ్లీ అదే రాస్తారు. ఖాయంగా చెప్పాలంటే డబ్బాలోది పరీక్షకి పంపాలి గానీ, మీ మొహం చూశాక నాకు అనుమానం లేదు అంది. ఈ ఏడాది ఇలాంటి మొహాలు చాలా చూశానని కూడా అంది. మెల్లమెల్లగా మాన్పించడానికి మందులు రాసింది. చర్మం తేరుకోవడానికి నెలలు పడుతుందంది. చివర్లో, ఈ డబ్బా ఎవరిచ్చారని అడిగింది.

జయ డబ్బా మూత బిగించి బ్యాగులో పెట్టుకుంది. మా వదిన అని చెప్పడానికి నోరు రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఏటుకూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. బస్సులో సగం మంది ముక్కులకి పైటలు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నారు. జయ పెట్టుకోలేదు. ఆ ఘాటు పీల్చుకుంటూ, గడిచిన నెలన్నరని ఒక్కొక్కటే తలుచుకుంది.

పిల్లల దృష్టి పాఠం మీద ఉండటం లేదని కరస్పాండెంటు ఆమెని క్లాసు నుంచి తప్పించాడు. అప్పటికి పరీక్షలకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. ఆమె నాలుగేళ్లు చెప్పుకొచ్చిన పిల్లల్ని ఇంకెవరికో అప్పగించి, ఆమెని ఆఫీసు గదిలో హాల్ టికెట్లు సర్దమన్నాడు. చర్చిలో ప్రభువు బల్ల రోజున, అంటుతుందేమోనని, ద్రాక్షరసం పాత్ర ఆమె దగ్గరికి ఆఖరున పంపారు. ఆమె తర్వాత ఎవరూ తాగలేదు. స్త్రీల సమాజంలో పక్క కుర్చీ ఖాళీగా ఉంచారు. ఒకావిడ, చెడు ఆలోచనలు మనసులో పెట్టుకుంటే మొహం మీదికి వస్తాయని ప్రార్థన మధ్యలో సాక్ష్యం చెప్పింది. ఇవన్నీ జయ తలవంచుకుని భరించింది. తప్పు తన ఒంట్లోనే ఉందనుకుంది కాబట్టి భరించింది.

ఇప్పుడు తెలిసింది, తప్పు తన ఒంట్లో లేదు. పొద్దునా సాయంత్రం అద్దం ముందు నిలబడి, తన వేళ్లతో తనే రాసుకుంది. ఇచ్చినవాళ్ల మీద నమ్మకంతో రాసుకుంది. అది తలచుకున్నప్పుడు బ్యాగుని ఒళ్లోకి గట్టిగా లాక్కుంది. వస్తున్నది ఏడుపేమో అనుకుంది. కాదు. ప్రత్తిపాడు స్టాపు వచ్చేసరికి అది కోపమని ఆమెకి రూఢి అయింది.

ఇంటికి వెళ్లలేదు. నేరుగా హెలెన్ ఇంటికి వెళ్లింది.

హెలెన్ ప్రసన్నకుమార్‌కి అక్క. జయకంటే ఆరేళ్లు పెద్ద. పెళ్లయిన మూడో ఏడు మొగుడు వదిలేసి పోతే, ఒంగోలు వెళ్లి బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుని, తల్లిగారి ఇంటి ముందుగదిలో పార్లరు పెట్టుకుంది. చేయి చాచకుండా బతికిన మనిషని ఊళ్లో పేరు. జయ కాన్పప్పుడు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పక్కనే ఉండి చూసుకున్నది ఆమే. అందుకే క్రిస్మస్ ముందు, బుగ్గల మీద మంగు వచ్చిందని జయ బాధపడితే, ఇది రాసుకో చాలు అని హెలెన్ చేతిలో పెట్టిన డబ్బా గురించి జయ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇప్పుడు వేసింది. పార్లరులో ఎవరికో కనుబొమలు తీస్తున్న హెలెన్ ఎదురుగా నిలబడి స్కార్ఫు విప్పింది.

"వదినా, ఈ క్రీములో ఏం కలుపుతున్నావు?"

హెలెన్ నోట్లో పట్టుకున్న దారం వదిలి నవ్వబోయింది. కలబంద, కస్తూరి పసుపు, బాదం నూనె అని రోజూ చెప్పే పాఠం చెప్పింది. జయ ఇంకోసారి అడిగింది. కుర్చీలో ఉన్న ఆవిడ ఒకవైపు కనుబొమ మాత్రమే తీయించుకుని లేచి, రేపొస్తానని వెళ్లిపోయింది. హెలెన్‌కి కోపం వచ్చింది. గిరాకీ ముందు ఈ మాటలేంటి అంది. జయ జవాబు చెప్పకుండా వెనక వంటింటి వైపు నడిచింది. హెలెన్ అడ్డం వచ్చింది. జయ ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపింది. జీవితంలో ఎవరినీ అలా నెట్టలేదు ఆమె.

గట్టు మీద స్టీలు బేసినులో తెల్లటి క్రీము కలిపి ఉంది. పక్కన గరిటె. కలబంద లేదు, కస్తూరి పసుపు లేదు. అలమరలో న్యూస్‌పేపరు కప్పి ఒక అట్టపెట్టె. అందులో పూతమందు ట్యూబులు. సగం నిండుగా, సగం తోక నుంచి చుట్టి పిండేసినవి. జయ ఒకటి తీసి చదివింది. డాక్టరు పలికిన స్టెరాయిడ్ పేరే. కింద ఎర్రగీత పక్కన, డాక్టరు చీటీ మీద తప్ప అమ్మకూడదని ఇంగ్లీషులో రాసి ఉంది.

అట్టపెట్టె మీద పెన్నుతో తేదీ వేసి ఉంది. పదిహేడు. ఏడు అంకె మధ్యలో అడ్డగీత.

ప్రసన్నకుమార్ ఏడుకి అలా అడ్డగీత గీస్తాడు. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో షాపు పుస్తకాల మీద, గ్యాసు బుక్కు మీద, పాప స్కూలు డైరీ మీద ఆ గీతని ఆమె వేలసార్లు చూసింది.

"ఇవి ఎవరిచ్చారు?"

"తెలిసే అడుగుతున్నావుగా," అంది హెలెన్.

జయ అక్కడే నిలబడి భర్తకి ఫోన్ చేసింది. షాపు మూసి మీ అక్క ఇంటికి రండి అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. అతను వచ్చేలోపు హెలెన్ మాట్లాడుతూనే ఉంది. నేనేం విషం పెట్టలేదు, ఊళ్లో ఇంతమంది వాడుతున్నారు, నీ ఒక్కదానికే పడలేదు, నీ ఒంటి తీరే అంత అంది. పట్నాల్లో వేలు పోసి రాయించుకునేదీ ఇలాంటి మందులేనంది. అసలు మంగు పోగొట్టమని ఏడ్చింది నువ్వు కాదా అంది.

"పోగొట్టమన్నాను. నా మొహం తగలబెట్టమనలేదు."

ప్రసన్నకుమార్ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ జయ చేతిలో ట్యూబు చూశాడు. చూడగానే అతను చేసిన మొదటి పని, వెనక్కి తిరిగి వీధి తలుపు దగ్గరగా వేయడం. జయ వెళ్లి ఆ తలుపు బార్లా తెరిచింది. వింటే విననివ్వండి అంది.

అతను గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. అక్క పార్లరు నడవక ఇబ్బంది పడుతుంటే తనే ఉపాయం చెప్పానన్నాడు. కొంచెమే కలపమన్నానన్నాడు. హెలెన్ ఊరుకోలేదు. ఎంత కలపాలో నువ్వు ఎప్పుడు చెప్పావురా, పెట్టెలు దించి పోవడమేగా నీ పని అంది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కొలతల గురించి వాదించుకోసాగారు. కొంచెమా, ఎక్కువా, ఒక ట్యూబుకి ఎన్ని డబ్బాలు అని. జయ వాళ్ల మధ్య నిలబడి వింది. ఆ వాదనలో తన మొహం ఊసు ఎక్కడా లేదు.

"నేను అదే రాసుకుంటున్నానని మీకెప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది భర్తని.

అతను షాపు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"మొటిమలు రాకముందా, వచ్చాకా?"

"ముందే తెలుసు," అన్నాడు నేల చూస్తూ. "నీకు చెప్పకుండానే మెల్లగా తగ్గిద్దామనుకున్నాను జయా. చెబితే నువ్వు ఊరుకోవని."

"ఊరుకోనని తెలిసే చెప్పలేదన్నమాట."

ఆ తర్వాత జయ మాట్లాడింది. గొంతు పెంచలేదు. క్లాసులో వెనక బెంచీకి కూడా వినపడేలా మాట్లాడటం ఆమెకి అలవాటు, అదే గొంతుతో మాట్లాడింది.

"నెలన్నర నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం. పొద్దున్నే నా మొహం చూసి ఘాటు అన్నారు. కొత్తపట్నం చేపలు మానమన్నారు, మానాను. దిండు గుడ్డ రోజూ ఉతకమన్నారు, ఉతికాను. పాపని దగ్గరికి తీసుకోవద్దన్నారు, తీసుకోలేదు. ఇరవై రోజులు నా కూతురికి ముద్దు పెట్టలేదు నేను. అంటదని మీకు తెలుసు. మా అమ్మ నలభై ఏళ్లు మిరపతోటల్లో కూలికి వెళ్లింది. ఎండలో, ఆ ఘాటులో, కాయ కోసిన చేత్తోనే మొహం తుడుచుకుంది. ఆమె మొహం మీద ఒక్క మొటిమ లేదు. ఆ సంగతి కూడా మీకు తెలుసు. మందులు చదువుకున్న మనిషి మీరు. తెలియక చేసినవాళ్లని క్షమించమని చర్చిలో పాడుతాం. మీరు అన్నీ తెలిసి నన్ను అద్దం ముందు ఏడవనిచ్చారు."

ప్రసన్నకుమార్ తప్పయిపోయింది అన్నాడు. ఆ మాట జయ మీద ఆవగింజంత కూడా పని చేయలేదు. ఈ పెట్టె తీసుకుని రేపు డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళతానంది.

అప్పుడు హెలెన్ అసలు మాట బయటపెట్టింది. బహుశా ఆపుదామనో, గెలుద్దామనో అంది.

"వెళ్లు. వెళితే నీ పేరే ముందు బయటికొస్తుంది. వీళ్లంతా నీ మొహం చూసి కొన్నవాళ్లే."

జయకి ఆ మాట అంతుపట్టలేదు. హెలెన్ తన ఫోను తీసి చూపించింది. జయ ఫొటో. జనవరిలో, చర్చి ఆవరణలో, నీలం చీర కట్టుకుని నవ్వుతూ. అప్పుడు ఆమె మొహం నిజంగానే మెరుస్తోంది. డబ్బా వాడటం మొదలుపెట్టిన మూడో వారం అది. భలే ఉన్నావు నిలబడు అని హెలెనే తీసింది. ఆ ఫొటో కింద పెద్ద అక్షరాలతో, జయ టీచర్ గారు వాడే క్రీము ఇదే, కావలసినవారు హెలెన్‌ని సంప్రదించండి అని ఉంది. వాట్సాప్ స్టేటస్‌లో, చీరల గ్రూపులో, చర్చి స్త్రీల గ్రూపులో, చుట్టుపక్కల నాలుగూళ్ల డ్వాక్రా గ్రూపుల్లో. జయకి మాత్రం కనపడకుండా ఆ స్టేటస్ దాచి పెట్టింది, ఆ గ్రూపుల్లో వేటిలోనూ జయ లేదు.

జయ ఫోను లాక్కుని వేలితో పైకి జరుపుతూ పోయింది. నాకొకటి అక్కా. నాకు రెండు. టీచరమ్మ వాడుతోందంటే మంచిదే అయ్యుంటుంది. నాకూ పంపండి. మూడో తరగతి టీచరు. పాస్టరు గారి మరదలు. ఇంకా కిందికి వెళితే, తన పదో తరగతి పిల్లలు ఇద్దరి తల్లులు. ఎంతమందికి ఇచ్చావని అడిగింది. లెక్కపెట్టలేదంది హెలెన్.

ఇంతసేపూ జయకి తన మొహం గురించే కోపం. ఇప్పుడు ఆ కోపం చల్లబడలేదు గానీ, దాని దారి మారిపోయింది. వీళ్లు తన చర్మాన్ని మాత్రమే పాడుచేయలేదు. పదకొండేళ్లుగా బోర్డు ముందు నిలబడి సంపాదించుకున్న మాటని తీసుకెళ్లి ఇంటింటా అమ్మారు. టీచరు చెప్పిందంటే నిజమని నమ్మే మనుషుల ఇళ్లలో.

ఆమె కిటికీ దగ్గరికి, ఎండ పడే చోటికి వెళ్లింది. హెలెన్ ఫోను ఎత్తి పట్టుకుని తన మొహాన్ని ఫొటో తీసింది. జుట్టు సర్దుకోలేదు. ఎర్రటి బుగ్గలు, చీము పట్టిన గడ్డం, ఉబ్బిన కళ్లు, అన్నీ ఉన్నది ఉన్నట్టు వచ్చాయి. ఏం చేయబోతోందో హెలెన్‌కి అర్థమైంది. నా బతుకు తీయకు జయా అని మీదికి వచ్చింది. ప్రసన్నకుమార్ కూడా చేయి చాచాడు. జయ అతని వైపు చూసింది. అతని చేయి దానంతటదే కిందికి దిగింది.

ఆమె నిలబడే టైపు చేసింది. "నేను జయ టీచర్ని. ఇది ఇవాళ్టి నా మొహం. హెలెన్ క్రీములో స్టెరాయిడ్ మందు కలిపారు. నాకు తెలియకుండా నా ఫొటో పెట్టి అమ్మారు. వాడుతున్నవాళ్లు డబ్బా తీసుకుని వెంటనే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి." తన నంబరు వేసింది. ఒక్కొక్క గ్రూపుకీ పంపింది. స్టేటస్‌లో పెట్టింది. ఫోను బల్ల మీద పెట్టేసింది. అది మోగడం మొదలైంది, ఆగలేదు. హెలెన్ కుర్చీలో కూలబడి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఆ చేతులు చూస్తుంటే, తొమ్మిది రోజుల ఆసుపత్రి జయకి గుర్తొచ్చింది. అయినా చేసినందుకు పశ్చాత్తాపం రాలేదు.

బార్లా తీసిన తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

మౌలాబీ. కోల్డ్ స్టోరేజీలో మిర్చికి తొడిమలు తీసే పనికి వెళ్లే ముసలామె. ఆమెకి వాట్సాప్ లేదు, లోపల ఏం జరిగిందో తెలియదు. చేతిలో ఖాళీ తెల్ల డబ్బా ఉంది. ముందుగదిలో ఇంతమందిని చూసి మొహమాటపడి, ఇంకొకటి కావాలని వచ్చానమ్మా అంది హెలెన్‌తో. హెలెన్ తల ఎత్తలేదు.

జయ ఎదురు వెళ్లి ఆమె చేతిలో డబ్బా తీసుకుంది. ముసలామె మొహం వైపు చూసింది. ఎండకి కమిలి, ముడతలు పడి, శుభ్రంగా ఉంది. ఒక్క పొక్కు లేదు.

"ఇది ఎవరు రాసుకుంటున్నారు మౌలాబీ?"

"నాకెందుకు టీచరమ్మా ఈ వయసులో," అంది మౌలాబీ సిగ్గుపడుతూ. "మా అమ్మాయి షాజాదీ బిడ్డకి. నల్లగా పుట్టిందని వాళ్ల అత్త ఒకటే నస. మీ ఫొటో చూసి షాజాదీయే తెమ్మంది. రెండు నెలలుగా స్నానం పోయగానే ఒళ్లంతా పూస్తున్నాం. రంగు తేలింది, ఒళ్లు కూడా చేసింది. బుగ్గలు ఇంతింత అయ్యాయి."

ప్రసన్నకుమార్ గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చాడు. షాపులో చీటీ చదివేటప్పటి గొంతుతో అడిగాడు. "పాపకి ఎన్నో నెల?"

"నాలుగు నిండాయి బాబూ."

"ఈ డబ్బా అయిపోయి ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులు. పని వదిలి రావడానికి కుదర్లేదు."

"పాలు తాగుతోందా?"

"నిన్నటి నుంచి రొమ్ము పట్టట్లేదు. ఎప్పుడూ నిద్రే. వాంతులయ్యాయని పొద్దున షాజాదీ అంది. ఇందాక నేను వచ్చేటప్పుడు పిలిస్తే కళ్లు తెరవలేదు. ఎండలకి సోలిందేమో అనుకున్నాం."

"మందు ఒంట్లోకి దిగింది, ఇలా ఠక్కున ఆగితే పసిబిడ్డకి ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు ప్రసన్నకుమార్. ఈ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి అతను జయ కళ్లలోకి చూశాడు. ఎంత టైముందో అతనికి తెలియదని ఆమెకి ఆ చూపులోనే అర్థమైంది.

"బండి తీయండి," అంది జయ.